బాలింత గ్లాసు

"అత్తమ్మా! అత్తమ్మా... జల్ది రా! పాపకేదో అయితాంది!"

భాగ్యశ్రీ కేకకు బిక్షమ్మ చేతిలోని చీపురు వాకిట్లోనే జారిపోయింది. పరుగున లోపలికొచ్చి చూసేసరికి ఆ ముసలి గుండె ఆగినంత పనైంది! మంచం మీద అక్షిత... ఏడు నెలల పసికూన... పిడికిళ్లు బిగుసుకుపోయి, కళ్లు పైకి తేలేసి, ఒళ్లంతా అదిరదిరి పడుతోంది! పెదవుల పక్కన నురగ! నిన్నా మొన్నా పాప గుక్కపట్టి ఒకటే ఏడుపు. పాలు కుదురుగా తాగదు, రెప్ప వాల్చదు, ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపడుతుంది. పళ్లొస్తున్నాయేమో అనుకున్నారు. దిష్టి తగిలిందేమోనని బిక్షమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. తెల్లారి ఇట్లా అవుతుందని ఎవరు మాత్రం కలగన్నారు!

బయట ఆటో కడుగుతున్న విజేందర్ బకెట్‌ను కాలితో తన్నేసి లోపలికి దూకాడు. బిడ్డను చూశాడు. "ఎక్కుండ్రి... ఆటో ఎక్కుండ్రి!" అన్నాడు అంతే. కేతేపల్లి దాటి, నకిరేకల్ దాటి, నల్లగొండ దవాఖాన చేరేదాకా ఎక్కడా ఆటో ఆపలేదు. వెనక సీట్లో బిక్షమ్మ ఏడుస్తూనే ఉంది. భాగ్యశ్రీ ఏడవడం కూడా మరిచిపోయి బిడ్డ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, అది పైకీ కిందికీ కదులుతోందా లేదా అని మాత్రమే చూస్తూ కూర్చుంది.

భాగ్యశ్రీ సంగతి చెప్పాలి. ఆమె మామూలు ఇల్లాలు కాదమ్మా! పెళ్లైన కొత్తలో విజేందర్ తాగని రోజంటూ లేదు. దుకాణం కల్లు తాగొచ్చి గడపలోనే పడిపోయేవాడు. ఏడ్చింది, బతిమాలింది, తిట్టింది. చివరికి కడుపుతో ఉన్నప్పుడు పుట్టింటికి వెళ్లిపోయి, "మానేసినంకనే వస్త. లేకుంటే నా బిడ్డకు నాయిన లేడనుకుంట!" అని తెగేసి చెప్పింది. అతను మానేశాడు! నిజంగానే మానేశాడు! కానీ ఎంత అవస్థ పడ్డాడని... చెమటలు కారుతూ, దవడలు వణుకుతూ, గోడకు ఆనుకుని కూర్చుని, "భాగ్యా... నా పానం పోతాంది" అనేవాడు. చూడ్డానికి వచ్చిన భాగ్యశ్రీ గుమ్మంలోనే నిలబడి, "నాటకాలు చెయ్యకు. మనసుంటె మాను, లేకుంటె చావు" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు ఆమె ఎప్పుడూ బాధపడలేదు. అట్లా గట్టిగా ఉండబట్టే సంసారం నిలబడిందని నలుగురికీ చెప్పుకునేది కూడా.

పాపకు నాలుగో నెల వచ్చాక ఆమెకు కొలువు దొరికింది. అదీ ఎట్లాంటి కొలువు! పట్నంలోని ఒక మెడికల్ కాలేజీ వాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో తాగుడు మీద, తంబాకు మీద, మత్తు మందుల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఎవరు ఏం తాగుతున్నారు, ఎంత తాగుతున్నారు, మానాలన్నా ఎందుకు మానలేకపోతున్నారు... ఇంటింటికీ తిరిగి అడగాలి. డిగ్రీ చదివిన భాగ్యశ్రీకీ, ఆమె జతగత్తె నిరోషకూ చేతికో ట్యాబ్ ఇచ్చారు. "మీ ఇంట్ల ఎవరన్న తాగుతరా?" అదే మొదటి ప్రశ్న. ఎంతమంది ఆడవాళ్లు చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారో ఆమె ముందు! పొద్దుగూకి ఇంటికొచ్చి ఆ కథలన్నీ అత్తకు చెప్పి, మొగుడి వైపు ఓరగా చూసి, "మా ఇల్లు మాత్రం బతికిపోయింది" అనేది. అతను తల వంచుకునేవాడు.

నాలుగు రోజుల కింద ఆ పక్క కల్లు దుకాణాల మీద అధికారులు పడ్డారు. కల్లులో నిద్రమందు పొడి కలుపుతున్నారని పట్టుకుని అన్నింటికీ తాళాలు వేశారు. ఇక చూడాలి ఊళ్ల పరిస్థితి! రోజూ తాగేవాళ్లకు ఒక్కసారిగా దొరకకపోయేసరికి మెడలు వంకర్లు పోయాయి. మంచాలకు కట్టేస్తే తాళ్లు తెంచుకున్నారు. ఏడాది నిండని పిల్లలు నిద్రపోవడానికని నాలుక మీద నాలుగు చుక్కలు వేసే ఇల్లొకటి కూడా భాగ్యశ్రీ కంటపడింది. ఆ తల్లిని ఆమె వదిలిపెట్టలేదు, "తల్లివా, రాక్షసివా!" అని నిలదీసి వచ్చింది. ఇంటికొచ్చి కూడా ఆ కోపం చల్లారలేదు. అసలు ఈ మధ్య ఆమెకు కోపం ఎక్కువైంది. తలనొప్పి, నిద్ర లేదు, ట్యాబ్ మీద వేలు పెడితే పక్క అక్షరం మీద పడుతుంది. తిరుగుడు ఎక్కువై అలసిపోయాననుకుంది.

బిక్షమ్మ మాత్రం కోడల్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. ఆ మాట అబద్ధం చెప్పకూడదు. తాను నాట్ల కాలంలో కని, మడి గట్టున చీర ఉయ్యాల కట్టి పెంచిన మనిషి. తనకు దక్కనిది కోడలికి దక్కాలని ఆమె పంతం. ఎల్లిగడ్డ కారం, మెంతికూర, మేకకాళ్ల రసం, పాలు పడాలని ఈతకల్లు, వేడి వేడి నీళ్లతో స్నానం, సాంబ్రాణి పొగ... ఇరుగుపొరుగు ఆడవాళ్లు కుళ్లుకునేంత సేవ చేసింది. పాప కూడా దానికి తగ్గట్టే ఉండేది. ఏడుపంటే ఎరగదు. పాలు తాగిందంటే చాలు, ఒళ్లు తెలియని నిద్ర! "ఇసువంటి బుద్ధిమంతురాలిని నేను సూడలె" అని వాడకట్టంతా మెచ్చుకునేది.

దవాఖానలో పాపను లోపలికి తీసుకుపోయారు. ఏదో సూది వేశారు. బిగుసుకున్న పిడికిళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. "దేవుడా!" అని బిక్షమ్మ నేల మీదే కూలబడింది. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. నడివయసు మనిషి. ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.

"ఏ ఊరు మీది?"

చెప్పారు.

"ఆ పక్క నుంచి ఇట్లాంటి కేసులే వస్తున్నాయి. కాకపోతే అందరూ పెద్దవాళ్లు." డాక్టరమ్మ గొంతు కటువుగా మారింది. "నిజం చెప్పండి. పాపకు ఎవరు కల్లు తాగించారు?"

భాగ్యశ్రీ తల మీద పిడుగు పడ్డట్టైంది! కల్లా? నా బిడ్డకా? తాగుడు మాట వింటేనే మండిపడే నా ఇంట్లోనా!

"మైసమ్మ తల్లి సాచ్చిగ నేను తాపలె మేడం!" బిక్షమ్మ రెండు చేతులూ జోడించింది. "నా మనుమరాలికి నేను కల్లు తాపుతనా? నా కండ్లు పోవాలె!"

భాగ్యశ్రీ కళ్లు మొగుడి వైపు తిరిగాయి. విజేందర్ గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. అతను డాక్టరమ్మను చూడడం లేదు, తల్లిని చూడడం లేదు. భార్యనే చూస్తున్నాడు. ఆమె రవిక మీద పాల తడి... దాన్ని చూశాడు.

"నేనే మేడం..." అన్నాడు. "నేనే. పాప పండుకుంటలేదని... ఏలుతోని జర తడి రాసిన. నోట్లె."

ఆ తర్వాత ఏం జరిగిందో భాగ్యశ్రీకి తెలియదు. ఆమె చెయ్యి లేచింది. దవాఖాన వరండాలో అందరూ చూస్తుండగా విజేందర్ చెంప ఛెళ్లుమంది!

"అంటే మల్ల షురూ చేసినవా! నా ఎనుక, నా కండ్లల్ల కారం కొట్టి... తాగొచ్చిన ఏళ్లు నా బిడ్డ నోట్ల పెట్టినవా! నీ అసువంటోనితోని కాపురం చేసిన నాది తప్పు! ఇగ నా బిడ్డ దగ్గరికి రాకు. అది బతికినా నీకు లేదు, సచ్చినా నీకు లేదు! పో!"

బిక్షమ్మ లేచి, "నా కడుపున చెడబుట్టినవ్ రా!" అంటూ కొడుకు వీపు మీద రెండు చేతులా కొట్టింది. విజేందర్ ఒక్క దెబ్బా తప్పించుకోలేదు. మెట్లు దిగి బయటికి వెళ్లి, ఎండలో నిలిపిన ఆటో పక్కన నిలబడ్డాడు.

డాక్టరమ్మ అతను వెళ్లిన వైపు చూస్తూ, "ఇది వేలికంటిన తడితో అయ్యేది కాదు" అంది తనలో తాను అనుకుంటున్నట్టుగా. "చాలా రోజులుగా ఒంట్లోకి పోతూ ఉండాలి. ఇప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి ఉండాలి. పాపకు ఏం పెడుతున్నారమ్మా?"

"ఇంకేం మొదలు పెట్టలె మేడం. నా పాలే."

"పై పాలు? ఉగ్గు? నాటు మందులు?"

"ఏం లేవు మేడం. ఒట్టి నా పాలే." చెంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది భాగ్యశ్రీ. నర్సు పాప మందు సీసా ఇస్తే మూత తీయబోయింది. తీయలేకపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. పళ్ల మధ్య పెట్టి లాగబోతే డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. వదల్లేదు. అరచేతిని తిప్పి చూసింది, చెమటతో తడిసి ఉంది. కళ్లలోకి చూసింది.

"ఈ వణుకు ఎప్పటి నుంచి?"

"నిద్ర లేదు మేడం. నాలుగు రోజులాయె..."

"నువ్వేమన్నా తాగుతావా?"

భాగ్యశ్రీకి ఒళ్లు మండిపోయింది. "అదేం మాట మేడం! గా ప్రశ్న ఊరూరు తిరిగి అడిగేదాన్ని నేను! పెద్ద కాలేజోల్ల పరిశోధనల పనిచేస్తున్న! నేను తాగుడేంది?"

"కల్లు?"

"తాగుడు కాదు మేడం... అది... పాలకని. బాలింతకు పోస్తరు గద. గదొక్క గ్లాసు..."

ఆ మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణం ఆమె నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

చూశారా అమ్మా! పైన బాలింత సేవలు చెప్పేటప్పుడు మేకకాళ్ల రసానికీ వేడినీళ్లకూ మధ్య నేను ఆ మాట చెప్పనే చెప్పాను. మీరూ దాటేసి వెళ్లారు కదూ! మన ఇళ్లలో అది తాగుడు కిందికి రాదు. అది మందు. అది అత్తగారి ప్రేమ. ఎన్ని గడపల్లో ఎంతమంది ముసలమ్మలు భాగ్యశ్రీతో, "తాగుడెక్కడిది బిడ్డా, నొప్పులకు జరంత" అని చెప్పలేదు! బయటికొచ్చాక నిరోషా తానూ ఆ మాట తలుచుకుని ఎంత నవ్వుకోలేదు! ఇప్పుడు అవే మాటలు, అదే గొంతుతో, తన నోటి నుంచే...!

"ఒక్క గ్లాసేనా?" డాక్టరమ్మ ఈసారి అత్తను అడిగింది.

బిక్షమ్మ కొంగు పిండుకుంటూ చెప్పింది. "ముందుగాల గ్లాసే మేడం. ఎండకాలం నుంచి పొద్దుగాల సీస అయింది. పొద్దుమీకి ఇంకో సీస. అది తాగితెనే పానం నిమ్మలమైతది అత్తమ్మా అంటుండె. పాప గూడ మంచిగ పంటుండె... మా నర్సింహ గౌడ్ చెట్టు కల్లే మేడం, కల్తీ లేదు! గీ నాలుగు రోజులే లేదు. ఆయనకు పానం బాగ లేదట, దించుతలేడని మా పిలగాడు చెప్పిండు..."

ఎండాకాలం నుంచి రెండు సీసాలు! భాగ్యశ్రీ ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఎవరి ఇంట్లో ఎవరు ఎంత తాగుతారో అడిగి తెలుసుకునే మనిషి, పొద్దున్నే వంటింటి గూట్లో తన సీసా కనపడకపోతే అత్త మీద ఎందుకు విసుక్కుంటుందో ఏనాడూ ఆలోచించలేదు! పని నుంచి తిరిగొచ్చేటప్పుడు నకిరేకల్ చౌరస్తా దగ్గరే ఎందుకు ఆ ఆత్రం మొదలయ్యేదో... పాపను చూడాలని అనుకుంది. పాపను చూడాలనే కదా... కాదా?

"చెట్టు కల్లైతే ఇట్లా కాదు" అంది డాక్టరమ్మ. "అదైనా బాలింతకు పనికిరాదు. కానీ ఇది నిద్రమందు పని. నీ ఒంట్లోంచి పాలలోకి, పాల నుంచి పాపకు పోయింది. అది బుద్ధిగా నిద్రపోయిందనుకున్నారు. మత్తులో ఉందమ్మా ఇన్నాళ్లూ. ఇప్పుడు నీకు దొరకలేదు, దానికీ దొరకలేదు."

భాగ్యశ్రీ రెండు చేతులూ రొమ్ముల మీద పెట్టుకుని అట్లాగే కిందికి జారిపోయింది. ఏడుపు రాలేదు. అరుపు రాలేదు. నా పాలు... నా పాలే! ఆ తల్లిని రాక్షసి అన్నాను... చుక్కలు వేసిన తల్లిని! నేను కడుపు నిండా తాపాను!

బిక్షమ్మ కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది. "నేను పోసిన బిడ్డా... వద్దు వద్దంటుంటె నేనే పోసిన... పాలకు మంచిదని..." అంటూ తలను నేలకు కొట్టుకోబోతే దవాఖాన ఆయమ్మ వచ్చి పట్టుకుంది.

కాసేపటికి భాగ్యశ్రీకి ఒకటి తట్టింది. చెట్టు కల్లులో నిద్రమందు ఎక్కడిది? రోజూ సీసా తెచ్చేది ఎవరు? పడుతూ లేస్తూ మెట్లు దిగింది. విజేందర్ ఆటోకు ఆనుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. చెంప మీద ఆమె వేళ్లు ఇంకా ఎర్రగా తేలి ఉన్నాయి.

"చెప్పు. గా కల్లు ఎక్కడిది?"



"నర్సింహ మామ చెట్లు ఎండకాలమే పోయినయ్. ప్లాట్లు చేస్తమని జేసీబీతోని కూలగొట్టిండ్రు. ఊరికి దూరం గద, మీకు తెల్వలె. గప్పుడు నాలుగు రోజులు సీస రాకపోయెసరికి నీకు నిద్ర లేదు, పాప ఏడుపు. పాలు తగ్గినయని అమ్మ ఏడుపు. ఏడికెల్లన్న పట్టుకరా అన్నది. చెట్టు కల్లు ఎక్కడ దొరుకుతది భాగ్యా? దుకాణానికి పోయిన. తెచ్చి అదే సీసల పోసిన. చెట్టుదే అని చెప్పిన. దుకాణంది అంటె నువ్వు ముట్టవ్ గద... రోజు రెండు సీసలకు ఏమైతది, కడవలు కడవలు తాగేటోల్లకే అయితది అనుకున్న. రోజు గా వాసనల నిలబడి తెచ్చిన. ఒక్క చుక్క నోట్ల పెట్టుకోలె. నీ మీద ఒట్టు."

"మరి పాప నోట్ల నువ్వే రాసినన్నవ్?"

"డాక్టరమ్మ కల్లు అనంగనె నాకు సమజైంది. నీకు కాలె. నేను ముందు నుంచి చెడ్డోన్నే. ఇంకో మాట పడితె నాకేం పోతది? నీ పాలతోనే బిడ్డకు గిట్లయిందని ఇంటె నువ్వు బతుకుతవా? గందుకే..."

ఇంత పని చేసినవాడు! విషం తెచ్చి చేతికిచ్చినవాడు! అతనే తన మీద పడవలసిన దెబ్బను ముందుకొచ్చి తిన్నవాడు! కొట్టాలో, కాళ్లు పట్టుకోవాలో భాగ్యశ్రీకి తెలియలేదు. "అబద్దమాడి చంపినవ్, అబద్దమాడి కాపాడదామనుకున్నవ్" అని మాత్రం అని లోపలికి నడిచింది. ఆ పూట ఆమె అతన్ని క్షమించలేదు. అంత తొందరగా క్షమించడం కథల్లోనే కుదురుతుంది.

పాపను ఒక వార్డులో, తల్లిని ఇంకో వార్డులో చేర్చారు. ఇద్దరికీ ఒక్కసారిగా ఆపకూడదట, మందిచ్చి మెల్లమెల్లగా దించాలట. అందాకా పాలివ్వొద్దన్నారు. వినే తల్లులకు తెలుస్తుంది ఆ బాధ... గోడ అవతల బిడ్డ ఏడుస్తుంటే ఇవతల రొమ్ములు రాయిలా గట్టిపడి, పిండి పారబోసుకోవాల్సి రావడం! గిన్నెలోని ఆ తెల్లని పాలను చూస్తూ భాగ్యశ్రీ గుండెలు బాదుకుంది. పాప డబ్బాపాలు ఉమ్మేస్తోందని ఒకసారి, చెంచాతో పడుతోందని ఒకసారి, బిక్షమ్మ అటూ ఇటూ తిరిగి కబురు మోసింది. ఆమె ముఖం ఒక్కసారిగా పదేళ్లు ముసలిదైపోయింది. కోడలి ముందు నిలబడుతుంది, చెప్పాల్సింది చెప్తుంది, కళ్లు ఎత్తదు.

అసలైన దెబ్బ ఒక మధ్యాహ్నం తగిలింది. భాగ్యశ్రీకి ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టు, పళ్లు కొరుక్కుంటున్నట్టు, గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు... ఆగలేకపోయింది. అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా... ఒక్క గ్లాసు. ఒక్కటే. ఏడికెల్లన్న తెచ్చియ్యి. నీకు దండం పెడ్త! మల్ల అడగ. అక్షిత మీద ఒట్టు!"

బిడ్డ మీద ఒట్టు వేసింది! కల్లు కోసం! ఆ మాట విని బిక్షమ్మ నోట్లో కొంగు కుక్కుకుని బయటికి పరుగెత్తింది. భాగ్యశ్రీ తన మాట తనకే వినపడి దిగ్భ్రాంతితో మంచం పట్టె పట్టుకుంది. ఎవరిది ఆ గొంతు? ఇదేనా నేను?

తలుపు దగ్గర నిలబడి ఉన్న విజేందర్ లోపలికొచ్చాడు. ఇన్నాళ్లూ పిలవనిదే గడప దాటలేదు. మంచం పక్కన కింద కూర్చుని, తడి తువ్వాలతో ఆమె అరికాళ్లు తుడవడం మొదలుపెట్టాడు.

"గిప్పుడు చీమలు పాకినట్టుంటది" అన్నాడు మెల్లగా. "పొద్దుమీకేసరికి చలి పెడ్తది. చలి పెట్టినంక జర నిమ్మలమైతది. భయపడకు. పానం పోతాంది అనిపిస్తది గని పోదు. నాకు పోయిందా?"

"నీకెట్ల తెలుసు..." అనబోయి ఆగిపోయింది భాగ్యశ్రీ. గోడకు ఆనుకుని దవడలు వణుకుతూ కూర్చున్న మనిషి కళ్ల ముందుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, నాటకాలు చెయ్యకు, లేకుంటె చావు అన్న తనూ కనిపించింది. అప్పుడతనికి దవాఖాన లేదు, మందు లేదు, అరికాళ్లు తుడిచేవాళ్లు లేరు. ఒక్కడే పడ్డాడు! ఇదంతా ఒక్కడే పడ్డాడు! అప్పటిదాకా గడ్డకట్టుకుపోయిన ఏడుపు ఒక్కసారిగా కట్ట తెగి వచ్చింది. అతని తలను రెండు చేతులా పట్టుకుని, "గప్పుడు నేను నీ పక్కన కూసోలె... ఒక్క పూట గూడ కూసోలె..." అని వెక్కివెక్కి ఏడ్చింది.

"నువ్వు గట్ల అన్నవు గనకనే మానిన" అన్నాడు అతను.

"కాదు. గట్ల అన్నా మానినవ్" అంది ఆమె.

పాపకు మళ్లీ ఫిట్స్ రాలేదు. మెల్లగా డబ్బాపాలకు అలవాటు పడింది. ముఖ్యంగా, ఏడవడం మొదలుపెట్టింది. ఆకలేస్తే ఏడుపు, తడిస్తే ఏడుపు, అవ్వ కనపడకపోతే ఏడుపు! బుద్ధిమంతురాలు కాస్తా ఇల్లు పీకి పందిరేస్తోంది. ఆ ఏడుపు విన్నప్పుడల్లా భాగ్యశ్రీ కళ్లు తుడుచుకుని నవ్వేది. డాక్టరమ్మ సరేనన్నాక బిడ్డను మళ్లీ రొమ్ముకు ఆనించుకుంది. పాలు చాలా మట్టుకు వెనక్కి పోయాయి. మిగిలిన ఆ నాలుగు చుక్కలకే అక్షిత రెండు చేతులా పట్టుకుని ఆత్రంగా చప్పరించింది. వణుకు లేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, తల్లి ముఖంలోకి చూస్తూ.

ఇంటికొచ్చిన తర్వాత నిరోష చూడ్డానికొచ్చింది. భాగ్యశ్రీ తన ట్యాబ్ ఆమె చేతికిచ్చి, "ముందుగాల నన్ను అడుగు నిరోషా. అన్ని ప్రశ్నలు అడుగు. నవ్వకు" అంది. నిరోష నవ్వలేదు, అడుగుతూ అడుగుతూ మధ్యలో తనే ఏడ్చేసింది. పరిశోధన నడిపించే పట్నంలోని పెద్ద మేడంకు భాగ్యశ్రీ తనే ఫోన్ చేసి అంతా చెప్పింది. కొలువు పోతే పోయిందనుకుంది. ఆ మేడం, "తాగుతారా అని అడిగితే ఏ బాలింతా అవునని చెప్పదని మాకెవరూ చెప్పలేదమ్మా. నువ్వే వెళ్లి నీకు తోచినట్టు అడుగు" అంది.

అట్లా వెళ్లిన మొదటి ఇల్లు పక్క ఊళ్లోదే. నాట్లు అయిపోయి మడులన్నీ పచ్చగా ఉన్నాయి. తాళాలు పడ్డ కల్లు దుకాణాల్లో కొన్ని చాటుగా మళ్లీ తెరుచుకున్నాయి. విజేందర్ ఆటో రోడ్డు మీద ఆపాడు. వెనక సీట్లో బిక్షమ్మ, ఆమె ఒళ్లో అక్షిత. ఆ ఇంటి కోడలు మనీష, పచ్చి బాలింత, మంచం మీద పిల్లాణ్ని పడుకోబెట్టుకుని ఉంది. అత్తగారు అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"మా ఇంట్ల ఎవ్వలు తాగరు బిడ్డా. వేరే ఇల్లు సూసుకో" అంది ఆ అత్త, అడగకముందే.

"నేను తాగిన పెద్దమ్మా" అంది భాగ్యశ్రీ. "బాలింతను. పాలకని తాగిన. నా బిడ్డకు ఫిట్సొచ్చినయ్."

చాటలో బియ్యం ఆగిపోయాయి. మంచం మీద మనీష లేచి కూర్చుంది. ఆమె చూపు వంటింటి గూటి వైపు వెళ్లి, అత్త ముఖం మీదికి వచ్చి, మళ్లీ నిద్రపోతున్న పిల్లాడి మీద నిలిచింది. ఆ పిల్లాడు కదలకుండా, బుద్ధిగా, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు.

"నువ్వు తాగింది కల్తీది గావచ్చు" అత్తగారికి కోపమొచ్చింది. "నేను నా కోడలికి విషం పోస్తనా? మా పిలగాడు చెట్టు కాడికి పోయి తెస్తడు! కోడలు మీద పానం పెట్టుకున్న మనిషిని నేను. గసువంటి మాటలు నా ఇంట్ల మాట్లాడకు!"

ప్రేమగల అత్తకు ఏమని చెప్పాలి? వెనక ఆటో దిగిన చప్పుడు వినిపించింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి నలుగురిలో నోరు విప్పని బిక్షమ్మ, వాడకట్టు ఆడవాళ్లు పాపకేమైందని అడిగితే తలుపేసుకున్న బిక్షమ్మ... మనుమరాలిని చంకన వేసుకుని మెల్లగా నడిచొచ్చి అరుగు ముందు నిలబడింది. ఆ ఇంటి అత్త వంక సూటిగా చూసింది.

"నేను గూడ గట్లనే అనుకున్న చెల్లే" అంది. "నా కోడలు మీద పానం పెట్టుకొనే పోసిన. నా పిలగాడు గూడ చెట్టు కాడికే పోయిండనుకున్న. గీ పిల్లను జూడు. దీని కండ్లు పైకి పోయినయ్. నా చేతుల మీదనే. పోసింది నేను."

ఆ అత్త చేతిలోంచి చాట కిందికి దిగింది. చాలాసేపు అక్షితను చూసింది. లేచి, వంటింట్లోకి వెళ్లి, గూట్లోని సీసా తెచ్చి బిక్షమ్మ చేతిలో పెట్టింది.

"ఇగ ఏం చెయ్యాలె అక్కా?" అంది ఏడుపు గొంతుతో.

"ఒక్కసారే బంద్ పెట్టకు. తల్లిని పిల్లను ఇద్దరిని దవాఖానకు తోల్కపోదాం పా" అంది బిక్షమ్మ. "ఆటో ఉన్నది."

విజేందర్ అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు. భాగ్యశ్రీ మనీష పిల్లాణ్ని ఎత్తుకుంది. బిక్షమ్మ చంకలోని అక్షిత, అమ్మ వేరే పిల్లాణ్ని ఎత్తుకుందని, గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.